చిటికెడు ఉప్పు – అయానిక బంధం

కళాశాలలో తెలుగు బోధించే నావద్దకు విజ్ఞానశాస్త్ర విద్యార్థులు తమ పాఠ్యాంశాలలోని సందేహాలతో రావడం అరుదు. వచ్చినా అది ఏదో ఒక పారిభాషిక పదానికి అర్థం తెలుసుకోవడానికే. అలా ఒకనాడు ఇంటర్మీడియట్ విద్యార్థి ఒకడు రసాయనశాస్త్ర గ్రంథం చేతబట్టుకొని వచ్చి ఇలా అడిగాడు: "సార్, బంధం అంటే కట్టు అని మీరే చెప్పారు. సోడియం, క్లోరిన్‌ల మధ్య అయానిక బంధం ఉందని ఇక్కడ రాశారు. సోడియం ఎలక్ట్రాన్‌ను ఇచ్చింది, క్లోరిన్ పుచ్చుకొంది. ఇచ్చిపుచ్చుకోవడం అయిపోయాక ఎవరి దారిన వారు పోవచ్చు కదా! వాటిని కట్టి ఉంచిన తాడు ఏది?"

అంతటితో ఆగక అతడు రెండవ ప్రశ్న కూడా వేశాడు. "సోడియం నీటిలో పడితే మండుతుంది. క్లోరిన్ విషవాయువు. రెండూ కలిసిన ఉప్పును మనం అన్నంలో కలుపుకొని తింటున్నాం. మనకేమీ కాదేం?"

పరీక్షలో ఈ ప్రశ్నలు రావు. "సోడియం ఒక ఎలక్ట్రాన్‌ను కోల్పోయి, క్లోరిన్ దానిని గ్రహించి అష్టక విన్యాసాన్ని పొందును" అని వ్రాస్తే మార్కులు వస్తాయి. కాని ఆ వాక్యాన్ని కంఠస్థం చేసినవానికి విషయం బోధపడిందని చెప్పలేము. పదం అర్థం చెప్పి పంపించివేయడానికి నాకు మనసు ఒప్పలేదు. రసాయనశాస్త్రం బోధించే సహాధ్యాపకులతో చర్చించి, గ్రంథాలు తిరగవేసి, నేను గ్రహించినదానిని ఆ విద్యార్థికోసం, అతనిలాగే అడగాలనుకొని అడగలేకపోయినవారి కోసం ఇక్కడ వివరిస్తున్నాను.

ముందుగా ఈ రెండు మూలకాల స్వభావాన్ని పరికిద్దాం. సోడియం చాకుతో కోయడానికి వీలైనంత మెత్తని లోహం. గాలి, తేమ తగలకుండా దానిని కిరోసిన్‌లో మునిగి ఉండేటట్లు భద్రపరుస్తారు. నీటితో అది తీవ్రంగా చర్య జరిపి హైడ్రోజన్‌ను విడుదల చేస్తుంది. వెలువడిన వేడికి ఆ వాయువు మండుతుంది కూడా. 1807లో హంఫ్రీ డేవీ అనే ఆంగ్ల శాస్త్రజ్ఞుడు కరిగించిన కాస్టిక్ సోడా గుండా విద్యుత్తును పంపి ఈ లోహాన్ని మొట్టమొదటిసారిగా వేరుచేశాడు. ఇక క్లోరిన్ పసుపు ఛాయగల ఆకుపచ్చని వాయువు. 1915 ఏప్రిల్ 22వ తేదీన బెల్జియంలోని ఈప్ర యుద్ధభూమిలో జర్మన్ సైన్యం ప్రయోగించినది ఈ వాయువునే. ఊపిరితిత్తుల తడిని తాకి అది ఎందరి ప్రాణాలనో బలిగొన్నది.

ఇట్టి రెండు మూలకాల కలయికతో ఏర్పడిన తెల్లని పదార్థం లేనిదే మన వంటింట కూర రుచించదు. "ఉప్పు తిన్న విశ్వాసం" అని తెలుగులోనూ, "నమక్ హలాల్" అని ఉర్దూలోనూ కృతజ్ఞతకు మారుపేరుగా నిలిచినది అదే. విషం రుచిగా మారిన ఈ వింతకు కారణం పరమాణువు వెలుపలి అంచున జరిగే ఒక చిన్న మార్పు.

పరమాణువు మధ్య ధనావేశంగల కేంద్రకం, దాని చుట్టూ ఋణావేశంగల ఎలక్ట్రాన్లు ఉంటాయి. ఎలక్ట్రాన్లు కర్పరాలు అనబడే అంతస్తులలో అమరి ఉంటాయని ప్రాథమికంగా భావించవచ్చు. సోడియం పరమాణు సంఖ్య 11. దాని ఎలక్ట్రాన్ల అమరిక 2, 8, 1. అనగా వెలుపలి కర్పరంలో ఉన్నది ఒకే ఒక ఎలక్ట్రాన్. క్లోరిన్ పరమాణు సంఖ్య 17. దాని అమరిక 2, 8, 7. ఈ రెండింటికి ఇరుగుపొరుగున రెండు ఉత్కృష్ట వాయువులున్నాయి. నియాన్ అమరిక 2, 8; ఆర్గాన్ అమరిక 2, 8, 8. ఇవి సామాన్యంగా దేనితోనూ కలియవు. సోడియం ఒక ఎలక్ట్రాన్‌ను కోల్పోతే నియాన్ అమరిక, క్లోరిన్ ఒక ఎలక్ట్రాన్‌ను పొందితే ఆర్గాన్ అమరిక సిద్ధిస్తాయి. 1916లో జర్మనీలో వాల్టర్ కోసెల్ ఈ ఎలక్ట్రాన్ బదిలీని ప్రతిపాదించాడు. అదే సంవత్సరం అమెరికాలో గిల్బర్ట్ లూయీ ఎలక్ట్రాన్ల జంటలను పంచుకోవడం ద్వారా ఏర్పడే బంధాన్ని వివరించాడు. మొదటిది అయానిక బంధం. దీనినే విద్యుత్ సంయోజక బంధమనీ అంటారు. రెండవది సమయోజనీయ బంధం.

ఇక్కడ మన భాషలోని రెండు మాటలు విద్యార్థులను తికమకపెడుతుంటాయి. ఎలక్ట్రాన్‌ను ఇచ్చివేసిన సోడియం ధన అయాన్ అయినది. పుచ్చుకొన్న క్లోరిన్ ఋణ అయాన్ అయినది. ఇచ్చినవాడు ధనవంతుడు కావడమేమి, పుచ్చుకొన్నవాడు ఋణగ్రస్తుడు కావడమేమి అని కొందరు విస్తుపోతారు. నిజానికి ఈ మాటలు జ్ఞాపకానికి ఎంతో అనువైనవి. అప్పు పుచ్చుకొన్నవాడే కదా ఋణస్థుడు! అయితే ఇది జ్ఞాపకానికి సాయం మాత్రమే, కారణం కాదు. విద్యుదావేశాలకు ధన, ఋణ విభజన 18వ శతాబ్దంలోనే జరిగింది. ఎలక్ట్రాన్ ఉనికి వెల్లడైనది 1897లో. సోడియం కేంద్రకంలో 11 ప్రోటాన్లు ఉన్నాయి. ఒక ఎలక్ట్రాన్ పోగా మిగిలినవి 10. కనుక ఒక ధనావేశం మిగిలింది. క్లోరిన్‌లో 17 ప్రోటాన్లకు 18 ఎలక్ట్రాన్లు చేరినవి. కనుక ఒక ఋణావేశం అధికమైంది. లెక్క ఇంతే.

ఇక అసలు చిక్కు ఇక్కడున్నది. చాలామంది సోడియం ఎలక్ట్రాన్‌ను సంతోషంగా దానం చేస్తుందనీ, అష్టకం కోసం పరమాణువులు తహతహలాడుతాయనీ చెప్పుతుంటారు. పరమాణువులకు కోరికలు లేవు. పైగా సోడియం ఏమంత ఉదారమైన దాత కాదు. వాయుస్థితిలోనున్న ఒక మోల్ సోడియం పరమాణువుల నుండి ఒక్కొక్క ఎలక్ట్రాన్‌ను ఊడదీయడానికి 496 కిలోజౌళ్ళ శక్తిని వెచ్చించాలి. దీనిని అయనీకరణ శక్తి అంటారు. క్లోరిన్ పరమాణువులు ఆ ఎలక్ట్రాన్లను గ్రహించినప్పుడు శక్తి వెలువడే మాట వాస్తవమే. కాని అది 349 కిలోజౌళ్ళు మాత్రమే. ఖర్చు 496, రాబడి 349. అనగా ఈ బదిలీ వలన 147 కిలోజౌళ్ళ లోటు ఏర్పడింది. ఒకదానికొకటి ఎంతో దూరంగా ఉన్న ఒంటరి సోడియం, క్లోరిన్ పరమాణువుల మధ్య ఎలక్ట్రాన్ బదిలీ తనంతట తాను జరుగదు. అష్టకం ఏర్పడుతుందన్న ఒక్క కారణం ఈ లోటును పూడ్చజాలదు.

మరి లోటు తీర్చేదెవరు? ధన, ఋణ అయాన్ల మధ్యగల ఆకర్షణ. విజాతి ఆవేశాలు దగ్గరకు వచ్చేకొద్దీ శక్తి వెలువడుతుంది. కూలుంబ్ నియమాన్ని అనుసరించి లెక్కకట్టితే, రెండు అయాన్ల మధ్య దూరం సుమారు తొమ్మిదిన్నర ఆంగ్‌స్ట్రాములకు తగ్గగానే ఆ 147 కిలోజౌళ్ళ లోటు తీరిపోతుంది. ఆంగ్‌స్ట్రామ్ అంటే సెంటీమీటరులో పదికోట్లవ వంతు. ఉప్పు స్ఫటికంలో సోడియం, క్లోరైడ్ అయాన్ల కేంద్రకాల మధ్య దూరం 2.82 ఆంగ్‌స్ట్రాములే. కాబట్టి అక్కడికి చేరేసరికి లోటు తీరడమే కాక మిగులు కూడా పెద్దదవుతుంది.

అంతేకాదు, స్ఫటికంలో అయాన్లు జంటలుగా ఉండవు. ప్రతి సోడియం అయాన్ చుట్టూ ఆరు దిక్కులా, అనగా ముందు, వెనుక, కుడి, ఎడమ, పైన, క్రింద, ఆరు క్లోరైడ్ అయాన్లు ఉంటాయి. అలాగే ప్రతి క్లోరైడ్ అయాన్ చుట్టూ ఆరు సోడియం అయాన్లు ఉంటాయి. వాటికి ఆవల సజాతి ఆవేశాలుగల అయాన్లు పన్నెండు ఉండి వికర్షిస్తాయి. మరింత ఆవల విజాతి అయాన్లుండి ఆకర్షిస్తాయి. ఈ ఆకర్షణ వికర్షణలనన్నింటినీ కూడి తీసివేయగా, ఒంటరి జంటలోని ఆకర్షణకు సుమారు 1.75 రెట్లు నికరంగా తేలుతుంది. అయాన్లు మరీ చేరువైనప్పుడు వాటి ఎలక్ట్రాన్ మేఘాలు ఒకదానినొకటి నెట్టివేస్తాయి. ఆ ఆకర్షణ, ఈ నెట్టుడు సరితూగిన చోటే అయాన్లు స్థిరపడతాయి.

వాయుస్థితిలోని అయాన్లు ఇలా స్ఫటికంగా కూడినప్పుడు ఒక మోల్‌కు 787 కిలోజౌళ్ళ శక్తి వెలువడుతుంది. ఇదే జాలక శక్తి. 1919లో బోర్న్, హేబర్ అనే శాస్త్రజ్ఞులు ప్రవేశపెట్టిన విధానంలో మొత్తం పద్దును ఇలా వ్రాయవచ్చు. ఘన సోడియంను వాయువుగా మార్చడానికి 107, క్లోరిన్ అణువును చీల్చి ఒక మోల్ పరమాణువులను పొందడానికి 122, ఎలక్ట్రాన్‌ను ఊడదీయడానికి 496. మొత్తం ఖర్చు 725 కిలోజౌళ్ళు. ఎలక్ట్రాన్ గ్రహణం వలన 349, జాలకం ఏర్పడుట వలన 787. మొత్తం రాబడి 1136 కిలోజౌళ్ళు. మిగులు 411 కిలోజౌళ్ళు. ప్రయోగశాలలో సోడియం, క్లోరిన్‌ల నుండి ఉప్పు ఏర్పడేటప్పుడు వెలువడే ఉష్ణం కూడా ఇంతే.

ఈ పద్దును చూస్తే మా విద్యార్థి అడిగిన మొదటి ప్రశ్నకు సమాధానం దొరుకుతుంది. ఎలక్ట్రాన్ బదిలీయే బంధం కాదు. బదిలీ వలన అయాన్లు ఏర్పడతాయి. ఆ అయాన్ల మధ్యనున్న స్థిరవిద్యుదాకర్షణయే బంధం. తాడు అంటూ వేరే ఏదీ లేదు. ఇచ్చిపుచ్చుకొన్న తర్వాత ఎవరి దారిన వారు పోలేకపోవడానికి కారణం ఆ ఇచ్చిపుచ్చుకోవడమే వారిని విజాతి ఆవేశాలు గలవారిగా మార్చివేయడం. ఇంకొక సంగతి కూడా గమనించాలి. తన ఎలక్ట్రాన్‌ను పుచ్చుకొన్న ఫలానా క్లోరిన్‌తోనే సోడియంకు సంబంధమని భావించరాదు. చుట్టూ ఉన్న ఆరింటితోనూ దానికి సమానమైన సంబంధమే.

కనుకనే ఉప్పు స్ఫటికంలో "సోడియం క్లోరైడ్ అణువు" అని విడిగా చూపదగినది ఏదీ లేదు. 1913లో లారెన్స్ బ్రాగ్ ఎక్స్-కిరణాల సాయంతో ఉప్పు నిర్మాణాన్ని నిర్ణయించినప్పుడు ఈ సత్యం బయటపడింది. 1915లో తండ్రి విలియం బ్రాగ్‌తో కలిసి నోబెల్ బహుమానం అందుకొనేనాటికి అతని వయస్సు 25 ఏళ్ళు. అయినను పెద్దలందరూ దీనిని వెంటనే అంగీకరించలేదు. హెన్రీ ఆర్మ్‌స్ట్రాంగ్ అనే ఆంగ్ల రసాయనశాస్త్రజ్ఞుడు 1927లో సైతం 'నేచర్' పత్రికలో లేఖ వ్రాస్తూ, ఉప్పును చదరంగపు గళ్ళవలె చిత్రించడాన్ని తీవ్రంగా ఎద్దేవా చేశాడు. అణువు లేని పదార్థాన్ని ఊహించడం ఆ తరానికి అంత కష్టమైంది.

బంధ స్వభావం తెలిస్తే ఉప్పు గుణాలు వాటంతటవే బోధపడతాయి. సోడియం లోహం 98 డిగ్రీల సెల్సియస్ వద్ద కరుగుతుంది. క్లోరిన్ మామూలు ఉష్ణోగ్రత వద్ద వాయువు. ఉప్పు మాత్రం 801 డిగ్రీల వరకు కరగదు. అన్ని దిక్కులా పెనవేసుకొన్న ఆకర్షణను సడలించడానికి అంత వేడి కావాలి. సుత్తితో కొట్టితే రాగి సాగుతుంది, ఉప్పుకల్లు పగులుతుంది. దెబ్బకు అయాన్ల వరుస ఒక్క స్థానం ప్రక్కకు జరిగితే చాలు, ధనానికి ఎదురుగా ధనం, ఋణానికి ఎదురుగా ఋణం వచ్చి వరుసలు ఒకదానినొకటి త్రోసివేసుకొంటాయి. ఘనస్థితిలో అయాన్లు కదలలేవు కనుక ఉప్పు విద్యుత్తును ప్రసరింపనీయదు. కరిగించినా, నీటిలో కలిపినా అయాన్లకు చలనం లభించి విద్యుత్తు ప్రసరిస్తుంది.

అణువు లేదంటే కణిక చిన్నదని కాదు. అంచు 0.28 మిల్లీమీటర్లుగల ఒక చిన్న ఉప్పు కణికను తీసుకొంటే, దాని ఒక్క అంచు వెంటనే సుమారు పది లక్షల అయాన్లు వరుసదీరి ఉంటాయి.

ఇంత గట్టి స్ఫటికం నీటిలో అంత సులువుగా ఎలా కరుగుతున్నది? నీటి అణువులో ఆక్సిజన్ వైపు కొంత ఋణస్వభావం, హైడ్రోజన్ల వైపు కొంత ధనస్వభావం ఉంటాయి. ఆక్సిజన్ కొసలు సోడియం అయాన్‌నూ, హైడ్రోజన్ కొసలు క్లోరైడ్ అయాన్‌నూ చుట్టుముట్టి స్ఫటికం నుండి విడదీస్తాయి. నీటి మధ్య అయాన్ల పరస్పరాకర్షణ శూన్యంలో ఉన్నదానిలో సుమారు ఎనభైయవ వంతుకు తగ్గిపోతుంది. అందువలన 100 గ్రాముల నీటిలో దాదాపు 36 గ్రాముల ఉప్పు కరుగగలదు. నౌపడ, చినగంజాం వంటి మన కోస్తా గ్రామాల ఉప్పు కొటార్లలో జరిగేది దీనికి వ్యతిరేక క్రియ. లీటరు సముద్రజలంలో ఇంచుమించు 35 గ్రాముల లవణాలు ఉంటాయి. మడులలో ఎండకు నీరు ఆవిరై పోయేకొద్దీ అయాన్లను పట్టి ఉంచే నీటి అణువులు కరవై, అవి మళ్ళీ వరుసలు కట్టి స్ఫటికాలవుతాయి. అక్కడ కొత్తగా ఎలక్ట్రాన్ బదిలీ ఏదీ జరుగదు. బదిలీ ఎన్నడో జరిగిపోయింది. సముద్రంలో ఉన్నవి అయాన్లే.

రెండవ ప్రశ్న ఇంకా మిగిలి ఉంది. ఆ ప్రశ్నకు గొప్ప చరిత్రే కలదు. స్వీడన్ దేశస్థుడైన ఆర్హీనియస్ 1884లో సమర్పించిన పరిశోధన వ్యాసానికి తక్కువ శ్రేణి లభించింది. ఉప్పునీటిలో సోడియం, క్లోరిన్ విడివిడిగా ఉన్నాయని అతడు వాదించగా, అట్లయితే నీటిలో సోడియం మండదేమి, క్లోరిన్ వాసన రాదేమి అని సమకాలికులు ఆక్షేపించారు. అదే ఆర్హీనియస్‌కు 1903లో నోబెల్ బహుమానం లభించింది. సమాధానం ఏమిటంటే, నీటిలో ఉన్నది సోడియం లోహం కాదు, సోడియం అయాన్. లోహం తీవ్రతకు మూలం దాని వెలుపలి ఒంటరి ఎలక్ట్రాన్. అయాన్‌లో ఆ ఎలక్ట్రాన్ లేదు. క్లోరిన్ తీవ్రతకు మూలం ఎలక్ట్రాన్ కోసం ఇతర పదార్థాలపై పడే గుణం. క్లోరైడ్‌కు ఆ అవసరం ముందే తీరిపోయింది. కేంద్రకాలు మారలేదు, పేర్లు మారలేదు. ఒక్క ఎలక్ట్రాన్ స్థానం మారినందువల్ల స్వభావమే మారిపోయింది. మన నరాలలో సంకేతాలు పరుగెత్తడానికి సోడియం అయాన్లు అవసరం. జఠరరసంలోని ఆమ్లంలో క్లోరైడ్ అయాన్లు ఉన్నాయి.

అయితే అయాన్‌గా మారిన ప్రతిదీ నిరపాయమని పొరబడరాదు. ఉప్పునే తీసుకొన్నా, పెద్దలకు రోజుకు 5 గ్రాముల లోపు చాలునని ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచిస్తున్నది. ఇక ఫ్లోరిన్ విషయం మన తెలుగువారికి కన్నీటితో తెలిసినదే. ఫ్లోరిన్ వాయువుతో పోల్చితే ఫ్లోరైడ్ అయాన్ ఎంతో శాంతస్వభావం గలది. కాని త్రాగునీటిలో మితిమీరి ఏళ్ళ తరబడి శరీరంలో చేరితే, అది ఎముకలలోని హైడ్రాక్సైడ్ అయాన్ల స్థానాన్ని ఆక్రమించి ఎముకల తీరునే మార్చివేస్తుంది. 1937లో నాటి నెల్లూరు జిల్లాలో ఈ వ్యాధిని గూర్చి వైద్యులు నివేదించారు. నల్లగొండ జిల్లాలో వంగిపోయిన నడుములు దానికి సాక్ష్యాలైనాయి. అయాన్ అంటే మంచిదీ కాదు, చెడ్డదీ కాదు. అది మాతృమూలకానికి భిన్నమైన వేరొక పదార్థం. దాని గుణదోషాలను వేరుగా విచారించవలసిందే.

ఒకటి రెండు ఇతర ఉదాహరణలు చూపి ముగిస్తాను. మెగ్నీషియం (2, 8, 2) రెండు ఎలక్ట్రాన్లను కోల్పోగా, ఆక్సిజన్ (2, 6) రెండింటిని గ్రహిస్తుంది. ఆవేశాలు రెండేసి కావడం వలన ఆకర్షణ ఎంతో హెచ్చి, మెగ్నీషియం ఆక్సైడ్ సుమారు 2850 డిగ్రీల దాకా కరగదు. కనుకనే కొలుముల లోపలి ఇటుకలకు దానిని వాడుతారు. మరి సోడియం కూడా రెండు ఎలక్ట్రాన్లను ఎందుకు ఇవ్వదు? దాని రెండవ ఎలక్ట్రాన్‌ను లోపలి నిండు కర్పరం నుండి తీయాలి. అందుకు 4562 కిలోజౌళ్ళు కావాలి. ఏ జాలకమూ ఆ ఖర్చును భరించలేదు. పరమాణువు ఎన్ని ఎలక్ట్రాన్లను ఇస్తుందనేది దాని ఇష్టాన్ని బట్టి కాక ఈ జమాఖర్చును బట్టి నిర్ణయమవుతుంది. అష్టక నియమానికి మినహాయింపులు కూడా లేకపోలేదు. ఇనుము, జింక్ అయాన్లకు ఉత్కృష్ట వాయువు అమరిక ఉండదు. అయినా అవి స్థిరమైన లవణాలను ఇస్తాయి. అలాగే నూటికి నూరుపాళ్ళు అయానిక బంధం అనేది ఆదర్శం మాత్రమే. ప్రతి బంధంలోనూ కొంత పంచుకోవడం ఉంటుంది.

మా విద్యార్థి ఇదంతా విని, కొంతసేపు ఆలోచించి, "అయితే సార్, 'బంధం' అన్న మాటే తప్పా?" అన్నాడు. తప్పు కాదన్నాను. తాడుతో కట్టినదే బంధమైతే, మనుషుల మధ్య బంధుత్వం అనే మాట పుట్టేదే కాదు. కట్టు కనిపించకపోయినా విడదీయడానికి ఖర్చు అవుతుందంటే అక్కడ బంధం ఉన్నట్లే. ఆ ఖర్చు ఎంతో లెక్క తేల్చి చెప్పడమే రసాయనశాస్త్రం చేసిన పని.

విద్యార్థి మిత్రులారా! పాఠ్యగ్రంథంలోని వాక్యం అర్థం కానప్పుడు దానిని వల్లెవేసి దాటిపోకండి. తెలుగు మాధ్యమంలో చదివినా, ఉర్దూ మాధ్యమంలో చదివినా, మీ భాషలో మీకు తోచిన ప్రశ్నను మీ మాటలలోనే అడగండి. ఆర్హీనియస్‌ను పండితులు అడిగిన ప్రశ్ననే మా కళాశాల విద్యార్థి ఒకడు ఎవరూ చెప్పకుండానే అడగగలిగాడు. రేపు భోజనానికి కూర్చున్నప్పుడు చిటికెడు ఉప్పు చేతిలోకి తీసుకొని ఒక్క క్షణం దానిని గూర్చి ఆలోచిస్తే, ఈ వ్యాసం వ్రాసినందుకు నాకు అంతకన్న ఫలితం వేరే అక్కరలేదు.